మూడు నదుల ద్వీపము - సిరొంచ సీమలో వారము దినముల ప్రయాణము

మధ్యధరా సముద్రమందలి ద్వీపములను వారము దినములలో మోటారుకారుపై చుట్టివచ్చుట విదేశములందున్న మన తెలుగు యువకులకు నేడు పరిపాటి యైనది. సిసిలీయా, క్రీటా, సైప్రసా అని వారు ముందుగ తర్కించుకొందురు. పిదప ఏ రేవునుండి బయలుదేరవలెను, దినమునకెన్ని మైళ్లు పోవలెను, రాత్రి యెచ్చట బసచేయవలెను అని కాగితముమీద లెక్క వ్రాసికొందురు. సిసిలీ సుమారు 25,700 చదరపు కిలోమీటర్ల ద్వీపము. దాని చుట్టును మంచి బాటలున్నవి. అట్టి లెక్కలు నా కంటబడినపుడెల్ల నాకొక్కటి తోచును. మన యింటి ముంగిటనే యొక ద్వీపము గలదు. దానిని వారములో చుట్టివచ్చుటకు లెక్క వ్రాయుట సిసిలీ లెక్కకంటె కష్టము. ఆ కష్టములోనే మన చరిత్ర కొంత దాగియున్నది. అది మహారాష్ట్రమున గడ్‌చిరోలి జిల్లాయందలి సిరొంచ సీమ.

సిరొంచను ద్వీపమనుట అతిశయోక్తి కాదు. సంస్కృతమున ద్వీప శబ్దమునకు రెండువైపుల నీరు గల భూమి యని వ్యుత్పత్తి చెప్పుదురు. నలువైపుల నీరుండవలెనన్న నియమము బడిలోని భూగోళపు పాఠములది. సిరొంచకు రెండు గాదు, మూడు వైపుల నీరున్నది. పడమట ప్రాణహిత, దక్షిణమున గోదావరి, తూర్పున ఇంద్రావతి. ప్రాణహిత ఆవలను గోదావరి ఆవలను తెలంగాణము; ఇంద్రావతి ఆవల ఛత్తీస్‌గఢ్, అనగా వెనుకటి బస్తరు సంస్థానము. ఉత్తరమున మాత్రము నదికి మారుగ అడవి యున్నది. వానకాలమున ఆ యడవి త్రోవలోని వాగులు పొంగినచో నాల్గవ వైపును నీరే. తాలూకా కచేరీనుండి జిల్లా కచేరీకి పోవలసిన కాగితము వాగు దిగువరకు వేచియుండుట మావంటి గుమాస్తాలు ఎరిగిన విషయమే. గడ్‌చిరోలి పట్టణము సిరొంచకు 200 కిలోమీటర్ల దూరమున నున్నది. నదికి ఆవలి యొడ్డున కాళేశ్వరము కంటికి కనబడుచుండును.

ఈ సీమయొక్క ఆధునిక చరిత్ర యంతయు ఒక ప్రయాణపు ప్రణాళికతోనే ఆరంభమైనది. ధవళేశ్వరము ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరకు గోదావరిమీద మరియొక పెద్ద తలంపుండెను. నాగపూరు, వార్ధా ప్రాంతపు ప్రత్తిని పడవలమీద వార్ధా నదినుండి ప్రాణహితకు, ప్రాణహితనుండి గోదావరికి, గోదావరిమీదుగ సముద్రమునకు చేర్చవలెనని ఆయన వాదించెను. త్రోవలో మూడు చోట్ల నదీగర్భమున బండరాళ్లు పరచుకొని యుండి పడవలను సాగనీయవు. మొదటిది భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెమునొద్ద. రెండవది ఇంద్రావతీ సంగమ ప్రాంతమున ఇచ్చంపల్లియొద్ద. మూడవది ప్రాణహితమీద అహేరి సమీపమున దేవలమర్రియొద్ద. ఈ మూడింటిని ఆనకట్టలు, కాలువలు, లాకులతో దాటించినచో మధ్యభారతమునుండి సముద్రమువరకు నీటిబాట యేర్పడునని వారి యంచనా.

ఆ నీటిబాట కొరకే 1860లో రాజ్యముల హద్దులు మారినవి. బ్రిటిషువారు నిజామునకు రాయచూరు అంతర్వేదిని, నల్దుర్గమును తిరిగి యిచ్చిరి. అదే ఒడంబడికలో గోదావరి ఎడమగట్టు తాలూకాలను తాము తీసికొనిరి. నదిమీది వ్యాపారమును ఒకే ప్రభుత్వము కనిపెట్టియుండవలెనన్నది కారణము. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలము, రేకపల్లి తాలూకాలు కలిసి 'ఎగువ గోదావరి జిల్లా' యైనవి. సిరొంచ దానికి ముఖ్యపట్టణము. డెప్యూటీ కమీషనరుగ వచ్చిన గ్లాస్‌ఫర్డ్ దొర ఈ సీమనుగూర్చియు బస్తరునుగూర్చియు నివేదికలు వ్రాసెను. ఆయన పేరుతో గ్లాస్‌ఫర్డ్‌పేట యను పల్లె సిరొంచ తాలూకాలో నేటికిని గలదు. దొర పేరునకు మనవారు 'పేట' తగిలించి తెలుగు చేసికొన్నారు. తెల్లదొరల జ్ఞాపకచిహ్నములలో నాకు ముచ్చట గొల్పునది ఇదియొక్కటే.

పనులు హేగ్ దొర పర్యవేక్షణమున సాగినవి. ఆ దినములలో 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినందున ఆంగ్లదేశపు మిల్లులకు ప్రత్తి కఱవయ్యెను. కావున ఈ త్రోవకు గిరాకి పెరిగెను. కాని 1867లో బొంబాయినుండి నాగపూరునకు రైలు వచ్చెను. ప్రత్తి రైలెక్కి పడమటి సముద్రమునకు పోయెను. తూర్పు సముద్రమునకు పోవు నీటిబాటకు ఇక సరకు లేదు. ఖర్చు పెరిగినది, జ్వరములచే కూలివాండ్రు పడిపోయిరి, 1871లో పనులు ఆపివేసిరి. 1874లో జిల్లాయే రద్దయ్యెను. భద్రాచలము, రేకపల్లి మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయినవి. తక్కినవి చాందా జిల్లాలో కలిసినవి. ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున నూగూరు, ఆల్బాక, చెర్ల కూడ మదరాసుకే చేరినవి. సిరొంచ ఒక్కటి చాందాతో నిలిచిపోయెను.

భద్రాచలము తెలుగువారి పాలనలోనికి వచ్చుటయు, సిరొంచ రాకపోవుటయు ఈ కాగితములవలననే. నడుమ యుద్ధము లేదు, ప్రజలనడిగినవారు లేరు. మధ్యపరగణాలు మధ్యప్రదేశమైనవి, 1956లో విదర్భతో కలిసి సిరొంచ బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు పోయెను, 1982లో గడ్‌చిరోలి జిల్లా యేర్పడగా దానిలో చేరెను. భాషలనుబట్టి రాష్ట్రములు వచ్చినపుడు ఈ మూల తెలుగు ఎవరి కంటబడలేదు. గుమాస్తా గీసిన గీత రాజు గీసిన గీతకంటె గట్టిదని మా కచేరీలో ఒక పెద్ద గుమాస్తా అనెడివాడు.

ఇక ప్రయాణపు మాట. కార్తికమునుండి మాఘమువరకు, అనగా నవంబరునుండి ఫిబ్రవరివరకు ఈ ప్రయాణమునకు తగిన కాలము. వైశాఖపు ఎండ నదీతీరమున భరింపరానిది. ఆషాఢమునుండి ఆశ్వయుజమువరకు వాగులను నమ్మరాదు. పెట్రోలును ఆలపల్లిలోనొకసారి, సిరొంచలోనొకసారి నింపుకొనవలెను. 1980 ప్రాంతమునుండి దళముల సంచారమువలన ఈ యడవులలో ఎన్నో ప్రాణములు పోయినవి. పెద్దబాట విడువక, పగటివేళనే నడచుట, క్రొత్త త్రోవకు పోవుముందు ఠాణాలో నొకమాట అడుగుట యాత్రికునకు క్షేమము.

మొదటి దినము చంద్రపూరునుండి బయలుదేరి, వైనగంగ యొడ్డున చామోర్షి సమీపమునున్న మార్కండ దేవాలయములను చూడవలెను. నది అచ్చట ఉత్తరముగ తిరిగి పారును. శిల్పముల నెరపును జూచి విదర్భపు ఖజురాహో యందురు. శివరాత్రికి పెద్ద జాతర. ఆ రాత్రికి ఆలపల్లి చేరవచ్చును. టేకు కలపకు పేరుపడిన చోటది. గొడ్డలి తగులని మహావృక్షముల వనభాగమొకటి అచ్చట గలదు. 2014లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటించిరి.

రెండవ దినము తూర్పునకు తిరిగి హేమల్‌కసా. బాబా ఆమ్టే 1973లో స్థాపించిన లోక్ బిరాదరీ ప్రకల్ప మచ్చటనే యున్నది. ఆయన కుమారుడు ప్రకాశ్ ఆమ్టే, కోడలు మందాకిని మాడియా గోండులకు వైద్యము చేయుచు అచ్చటనే నిలిచిరి. 2008లో వారికి మెగసెసే బహుమానము వచ్చెను. కొంచెము దూరములో భామ్రాగడ్. అచ్చట ఇంద్రావతితో పర్లకోట, పాములగౌతమి నదులు కలియును. పాములగౌతమి! అడవినడుమ ఆ పేరును విన్నపుడు మన నోటిమాట ఎంతదూరము నడచిపోయినదో తెలియును.

మూడవ దినము ఆలపల్లినుండి దక్షిణమునకు సిరొంచ. నూరు కిలోమీటర్ల త్రోవ. ఏండ్ల తరబడి గుంటలమయమై, పెండ్లి బస్సులనుండి రోగుల బండ్లవరకు అందరిని ఏడిపించిన బాట ఇది. బయలుదేరుముందు దాని స్థితి విచారించుట మంచిది. అహేరి జమీందారుల సీమ ఈ త్రోవలోనిదే. 1858లో బ్రిటిషువారిపై తిరుగబడిన మొలంపల్లి జమీందారు బాబూరావు శేడ్మాకే ఈ యడవులలోనే పోరాడెను. ఆ యేడు అక్టోబరు 21న అతనిని చాందాలో ఉరితీసిరి. మరాఠీ దేశములో ఉన్నామనుకొన్న యాత్రికునకు రేపనపల్లి, జిమలగట్ట యని మైలురాళ్లు తెలుగు ఊళ్ల పేర్లు చెప్పసాగును. జిమలగట్ట టీదుకాణములో తెలుగున అడిగినచో తెలుగుననే బదులు వచ్చును. పలక మాత్రము మరాఠీలో నుండును.

నాల్గవ దినమంతయు సిరొంచకే యుంచుకొనవలెనని నా మనవి. తొందరపడువారు దీనిని అరపూటలో ముగింతురు, అది తప్పు. ప్రాణహిత రేవు, శిథిలమైన కోట, వలీ హైదర్ దర్గా, బ్రిటిషు కాలపు బంగళా ఇవి ఊరిలోనివి. ఊరికి ఎగువన నది యొడ్డున కోటా యను చిన్న పల్లె యున్నది. లోకమందలి భూగర్భ శాస్త్రజ్ఞులందరు దాని పేరెరుగుదురు. సిరొంచ పేరెరిగినవారు వారిలో కొలదిమందియే యుందురు. ఆ చుట్టుప్రక్కల జురాసిక్ కాలపు రాతిపొరకు కోటా పేరే పెట్టిరి. నాగపూరులోని స్టీఫెన్ హిస్లాప్ పాదిరి 1850 దశకముననే అచ్చటి రాళ్లలో చేపల శిలాజములను సేకరించెను. పిమ్మట కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌వారు వచ్చి, ఈ తాలూకాలోని పోచంపల్లి యొద్ద ఒక మహాకాయ జంతువుయొక్క యెముకలను త్రవ్వితీసిరి. దాని తొడయెముక మనిషిని మించిన పొడవు గలది. 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరమగుటచే ఆయన పేరును, పెద్దకాలు అను బంగాళీ మాటను కలిపి 'బరాపాసారస్ టాగోరై' యని పేరిడి, 1975లో లోకమునకు తెలిపిరి. ఆ అస్థిపంజరము కలకత్తాలో ఆ సంస్థవారి ప్రదర్శనశాలయందున్నది. సిరొంచ పిల్లలు దానిని చూడవలెనన్న రెండు రాత్రులు రైలులో పోవలెను. సిరొంచకు సమీపమున వడధం యొద్ద అటవీశాఖవారు ఏర్పరచిన శిలాజోద్యానమున రాయిగ మారిన చెట్ల మొద్దులను చూడవచ్చును. చెట్టు రాయియైనను దాని వలయములు చెడలేదు. వ్రేలితో తడవి లెక్కింపవచ్చును.

సాయంకాలము బజారులో కూర్చుండవలెను. బడిలో మరాఠీ, కచేరీలో మరాఠీ, ఇంటిలో తెలుగు, అడవినుండి వచ్చినవారితో గోండీ. ఒకే మనుష్యుడు ఒక గంటలో మూడు భాషలు మార్చును. ఇది గొప్పయని అతడనుకొనడు. బతుకమ్మ పండుగకు ఇచ్చటి స్త్రీలు తంగేడు పూవులకై అడవికే పోదురు. ఐనను ఇక్కడి తెలుగు పిల్లలలో తెలుగు చదువ, వ్రాయ నేర్చినవారు తక్కువ. వారి నోట తెలుగు నిండుగ నున్నది, చేతిలో లేదు. ఉత్తరములు వ్రాయు కాలము పోయినందున ఈ లోటు పైకి కనబడుట లేదు.

వంతెనలు రాకముందు ఈ సీమ ఎట్లుండెనో క్రొత్తవారికి చెప్పినగాని తెలియదు. నేను పడుచు గుమాస్తాగ నున్న దినములలో తెలంగాణమునకు పోవలెనన్న రేవునకు పోయి నాటుపడవకై వేచియుండెడివారము. వేసవిలో నీరు సన్నగిల్లి, మైలు వెడల్పు ఇసుకలో గడ్డియు కొమ్మలు పరచిన త్రోవమీద జీపులు ఊగుచు పోయెడివి. శ్రావణమున పడవవాడు నదిని జూచి తల యూపెడివాడు. అంతే, ఆ దినమునకు ప్రయాణము లేదు. ప్రసవవేదనలోనున్న స్త్రీలను మంచముమీద మోసికొని వచ్చి రేవున దించుట నేను చూచితిని. గడ్‌చిరోలి ఆసుపత్రికంటె మంచిర్యాల, వరంగల్లు దగ్గర. కాని నడుమ నది. పడవ దాటిన తల్లులున్నారు, దాటనివారునున్నారు. ఏ కచేరీలోను వారి లెక్క వ్రాసినట్లు నేను చూడలేదు.

ఈ శతాబ్ది రెండవ దశకమున పరిస్థితి మారెను. కాళేశ్వరము సిరొంచలకు నడుమ వంతెన వచ్చెను. ప్రాణహితమీద అర్జునగుట్టయొద్ద ఒకటి, ఇంద్రావతిమీద పాతగూడెమునొద్ద ఒకటి, తరువాత ఎగువన గూడెము అహేరిల నడుమ ఇంకొకటి. సిసిలీకి ఇటలీకి నడుమ సుమారు మూడు కిలోమీటర్ల జలసంధిమీద వంతెన కట్టవలెనని ఎన్నో తరములుగ తలపోయుచున్నారు. ఇప్పటికిని రైలుబండ్లను సహితము ఓడమీదనే దాటించుచున్నారు. ఆ విషయమున మన ద్వీపమే మేలు.

అయిదవ దినము ఆ వంతెనల ఫలమును అనుభవింపవచ్చును. సిరొంచనుండి అంకీస, అసరెల్లిల మీదుగ తూర్పునకు పోయి, త్రోవ తప్పించుకొని సోమనూరు సంగమమును చూడవలెను. ఇంద్రావతి గోదావరిలో కలియు చోటది. జనసమ్మర్దము లేదు, ఘట్టములు లేవు. రాళ్లు, ఇసుక, రెండు రంగుల నీరు. కాటన్, హేగ్ దొరల రెండవ అడ్డంకి ఈ దిగువనే. ఇచ్చంపల్లి ఆనకట్ట మాట నేటికిని ప్రణాళికల పత్రములలో వినబడుచునే యున్నది. తిరిగివచ్చి పాతగూడెమునొద్ద వంతెన దాటినచో భోపాలపట్నము. ఇది నిజామాబాదునుండి జగదల్‌పూరునకు పోవు 63వ నెంబరు జాతీయ రహదారి. రహదారి మ్యాపులో చాలకాలమునుండి అవిచ్ఛిన్నముగ నుండెడిది. నేలమీద మాత్రము నదికడ తెగియుండెడిది.

ఆరవ దినము భోపాలపట్నమునుండి దక్షిణమునకు తార్లగూడ మీదుగ వాజేడు. బొగత జలపాతమును చూచి, ముల్లకట్ట వంతెనపై గోదావరి దాటి ఏటూరునాగారము చేరవచ్చును. నూగూరు, ఆల్బాక, చెర్లలు ఈ బాటకు ఎడమవైపుననే. సిరొంచతో ఒకే జిల్లాగ నుండి, మదరాసు పాలనకు పోయిన ఊళ్లివి. ఇక్కడి బడిపిల్లవానిచే తెలుగు పుస్తకము చదివించి వినుడు. నాల్గవనాటి సాయంకాలము సిరొంచలో వినినది జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సమయమున్నచో మేడారము చూడవచ్చును; రెండేండ్లకొకసారి మాఘమాసమున జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకు గోదావరి ఆవలి గోండులు, కోయలు కూడ తరతరములుగ వచ్చుచున్నారు. వారికి రాష్ట్రపు హద్దులతో పనిలేదు.

ఏడవ దినము భూపాలపల్లి, మహదేవపూరుల మీదుగ కాళేశ్వరము. ఒకే పానవట్టముపై యమునిపేర కాళేశ్వరలింగము, శివునిపేర ముక్తీశ్వరలింగము; శ్రీశైలము, ద్రాక్షారామములతో కలిసి త్రిలింగములలో నొకటి. తెలుగుదేశమునకు ఎల్లలుగ చెప్పు క్షేత్రములలో నొకటి సిరొంచ రేవునకు ఎదుటనే యున్నదన్నమాట. ప్రాణహిత పుష్కరములు 2022 ఏప్రిల్ 13 నుండి 24 వరకు రెండు గట్లమీదను జరిగినవి. వంతెన వచ్చిన పిదప అవి మొదటివి. దిగువన మేడిగడ్డ బ్యారేజిని 2019 జూన్ 21న ప్రారంభించిరి. దాని రెండవ కొన సిరొంచ తాలూకాలో ఆనియున్నది. 2022 జూలై వరదలో ఈ గట్టు పొలములు మునిగినవి. వెనుకజలమే కారణమని రైతులు ఆందోళన చేసిరి. 2023 అక్టోబరులో బ్యారేజి స్తంభములు క్రుంగెను. ఒకప్పుడు నది దాటలేక కష్టపడిన సీమ, నదిని ఆపినందున కష్టపడినది. ఇంజనీర్ల తగవులోనికి నేను పోను. పొలము పోయినవాని భాష ఏదైనను పరిహారపు దరఖాస్తు మరాఠీలోనే వ్రాయవలెనని మాత్రమెరుగుదును. అట్టి దరఖాస్తులు వ్రాసిపెట్టుమని పింఛను పుచ్చుకొన్న తరువాతను నా యొద్దకు వచ్చువారున్నారు.

కాళేశ్వరమునుండి వంతెనమీద మరల సిరొంచలో ప్రవేశించి, అచ్చటినుండి ప్రాణహిత దాటినచో అర్జునగుట్ట, చెన్నూరు, మంచిర్యాల. వంతెనమీద వాహనమును నిలుపరాదు గనుక, దాటిన పిదప అర్జునగుట్ట రేవునకు దిగి కొంతసేపు నిలువుడు. వెనుకటి పడవల త్రోవ అదే. మంచిర్యాల స్టేషనులో కాజీపేటకు పోవు బండియు, బల్లార్షా మీదుగ నాగపూరునకు పోవు బండియు రెండును దొరకును.